34 ఏళ్ల వయసులో వెబ్ డిజైన్‌కు మారాలంటే ఏ కోర్సులో చేరాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: మీ వయసు 34. ఖమ్మంలో ఒక ప్రైవేటు పాఠశాలలో పదేళ్లుగా లెక్కలు చెబుతున్నారు. వెబ్ డిజైన్ నేర్చుకుని ఆ రంగంలోకి మారాలనుకుంటున్నారు. రెండు కోర్సులు చూసి పెట్టుకున్నారు. ఒకటి అమీర్‌పేటలో నాలుగు నెలలది, ఫీజు 45,000 రూపాయలు, కరపత్రం మీద ‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ అని ఉంది. రెండోది ఆన్‌లైన్‌లో ఆరు నెలలది, 1,20,000 రూపాయలు, ఈఎంఐ మీద కట్టవచ్చు. రెండింట్లో ఏది మంచిదని అడిగారు.

ఈ నెలలో రెండింట్లో దేనికీ డబ్బు కట్టకండి. ముందు ఆరు వారాలు ఉచితంగా దొరికే పాఠాలతో ఒక్క వెబ్ పేజీని మొదటి అక్షరం నుంచి మీ చేత్తో రాయండి. అది పూర్తయ్యాక కూడా ఈ పని మీద మనసు నిలిస్తే అప్పుడు కోర్సు వెతకండి. వెతికేటప్పుడు సిలబస్ పొడవునూ గది ఏసీనీ చూడకండి. మీరు చేసిన పనిని వారం వారం పక్కన కూర్చుని దిద్దే మనిషి ఎక్కడున్నారో చూసి అక్కడ చేరండి. పాఠం ఇప్పుడు ఎక్కడైనా ఉచితంగా దొరుకుతుంది. దిద్దే చెయ్యి మాత్రం దొరకదు. మీరు ఫీజు కట్టేది దానికోసమే.

నేను 2008 నుంచి హైదరాబాద్‌లో ఈ పనే చేస్తున్నాను. ఎనిమిదేళ్లుగా శని, ఆదివారాల్లో కొత్తవారికి నేర్పుతున్నాను. మా కార్యాలయంలో ఈ ఉద్యోగాలకు వచ్చేవారిని ఇంటర్వ్యూ చేసేవారిలో నేనూ ఒకణ్ణి. కాబట్టి నేర్చుకునే బల్ల, నేర్పే బల్ల, ఎంపిక చేసే బల్ల మూడింటి దగ్గరా కూర్చుని చూసిన సంగతులు చెబుతాను.

ముందు నా సంగతి. డిగ్రీ అయ్యాక నిజామాబాద్ నుంచి వచ్చి ఎస్సార్ నగర్‌లో నలుగురం ఒక గది తీసుకుని మైత్రీవనం దగ్గర ఒక సంస్థలో చేరాను. మూడు నెలల కోర్సు. ఫొటోషాప్, డ్రీమ్‌వీవర్, ఫ్లాష్ అనే మూడు పనిముట్లు. గదిలో అరవై మందిమి. సారు తెర మీద చేసి చూపిస్తే మేము అలాగే చేసేవాళ్లం. ఆయన నొక్కిన చోట నొక్కితే ఆయనకు వచ్చిందే మాకూ వచ్చేది. అందరి పేజీలూ ఒక్కలాగే ఉండేవి, అందరికీ సర్టిఫికెట్ వచ్చింది. ఆ మూడు నెలల్లో నేను సొంతంగా ఆలోచించి చేసిన పేజీ ఒక్కటీ లేదు. నా పేజీని చూసి ఇక్కడ తప్పు చేశావని చెప్పినవారూ లేరు.

మొదటి ఇంటర్వ్యూలో ఒక బొమ్మ ఇచ్చి, దీన్ని రెండు గంటల్లో పేజీగా మార్చమన్నారు. పైన లోగో, కుడివైపు మెనూ, కింద మూడు డబ్బాలు. అంతే. మెనూ కుడివైపుకు జరపడానికి గంటంబావు పట్టింది. జరిపితే కింద ఉన్న డబ్బాలు చెదిరిపోయాయి. ఎందుకు చెదిరిపోతున్నాయో నాకు తెలియలేదు, ఎలా తెలుసుకోవాలో అంతకన్నా తెలియలేదు. బయటికి వచ్చి బస్‌స్టాపులో చాలాసేపు కూర్చున్నాను. ఆ ఉద్యోగం రాకపోయినా, ఆ రోజే నాకు ఏం రాదో మొదటిసారి స్పష్టంగా తెలిసింది. తర్వాత ఏడు నెలలు ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్‌లో డీటీపీ పని చేస్తూ రాత్రిళ్లు మొదటి నుంచి నేర్చుకున్నాను.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఆ కోర్సులో సగం రోజులు ఫ్లాష్‌కే పోయాయి. 2020 డిసెంబరు 31తో అడోబీ సంస్థ ఫ్లాష్‌కు మద్దతు ఆపేసింది. అంటే నేను కట్టిన ఫీజులో సగానికి నేర్చుకున్నది ఇప్పుడు ఏ బ్రౌజర్‌లోనూ తెరుచుకోదు. అదే కోర్సులో నాలుగు రోజుల్లో పైపైన చెప్పి వదిలేసిన హెచ్‌టీఎంఎల్ (పేజీలో ఏముండాలో రాసే భాష), సీఎస్‌ఎస్ (అది ఎలా కనిపించాలో రాసే భాష)లతోనే ఇవాళ్టికీ నా ఇల్లు గడుస్తోంది. సీఎస్‌ఎస్ మొదటి ప్రమాణం 1996లో వచ్చింది. అప్పటి నియమాలు చాలావరకు ఇప్పటికీ పనిచేస్తాయి. కోర్సు ఎంచుకునేటప్పుడు ఈ తేడా మనసులో పెట్టుకోండి: పనిముట్లు మారిపోతాయి, పునాది నిలుస్తుంది. పునాదికి నాలుగు రోజులు, పనిముట్లకు మూడు నెలలు కేటాయించే చోట చేరవద్దు.

‘వెబ్ డిజైన్’ అనే ఒక్క మాట వెనుక మూడు వేర్వేరు ఉద్యోగాలున్నాయి. మీరు పంపిన రెండు సిలబస్‌లలోనూ ఇవి కలగాపులగంగా ఉన్నాయి. తెర ఎలా ఉండాలి, మనిషి ఏది చూసి ఏది నొక్కాలి అని ఆలోచించి ఫిగ్మా అనే పనిముట్టులో గీసేవారిని యూఐ, యూఎక్స్ డిజైనర్లంటారు. ఆ గీసినదాన్ని బ్రౌజర్‌లో నడిచే పేజీగా రాసేవారు ఫ్రంట్ ఎండ్ డెవలపర్లు. దుకాణాలకు, ఆసుపత్రులకు, బడులకు, పెద్దగా కోడు రాయకుండానే సైటు కట్టనిచ్చే వర్డ్‌ప్రెస్‌లో సైట్లు కట్టి ఇచ్చి చూసుకునేవారు మూడోరకం. ఊళ్లలో వెబ్ డిజైనర్ అంటే ఎక్కువగా వీరే. ‘ఫుల్ స్టాక్’ అంటే వీటికి సర్వరు, డేటాబేసు పని కూడా కలిపి. నాలుగు నెలల్లో అవన్నీ నేర్పుతామంటే ఏదీ నిలబడేలా నేర్పరని అర్థం.

మీకు ఏది నప్పుతుందో ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. ఒక ఆదివారం కూర్చుని ఉద్యోగాల సైట్లలో హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో ఉన్న ముప్పై ప్రకటనలు చదవండి. ఒక కాగితం మీద గీతలు గీస్తూ ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. లెక్కల టీచరు కదా, మీకిది పది నిమిషాల పని. ఆ కాగితాన్ని సంస్థ ఇచ్చిన సిలబస్ పక్కన పెట్టి చూస్తే, వారు నేర్పేదానికీ బయట అడిగేదానికీ పొంతన ఎంతో మీకే తెలుస్తుంది. అనుభవం ఎన్నేళ్లు అడుగుతున్నారో కూడా రాసుకోండి. కొత్తవారికి తలుపు ఎంత తెరిచి ఉందో అందులో కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సంస్థను ఎలా పరీక్షించాలి?

అమీర్‌పేటలో డెమో క్లాసు ఉచితం. రెండు మూడు రోజులు కూర్చోనిస్తారు. అక్కడ మాట్లాడేది సాధారణంగా వారి దగ్గరున్న అందరికన్నా మంచి వక్త. విన్న వెంటనే చేరిపోవాలనిపిస్తుంది. కాబట్టి డెమో చూసి నిర్ణయించుకోకండి. ఇప్పటికే నెలన్నర గడిచిన బ్యాచ్‌లో ఒక గంట వెనక కూర్చుంటానని అడగండి. కొత్తవారి ఉత్సాహం తగ్గి, పాఠం కష్టమైన చోటు అది. అక్కడ గదిలో ఎంతమంది మిగిలారు, వాళ్లు సొంతంగా ఏమైనా చేస్తున్నారా, సారు వారి తెరల దగ్గరికి వెళుతున్నారా అన్నది చూడండి. కూర్చోనివ్వం అంటే ఆ సంస్థ గురించి మీకు తెలియాల్సింది తెలిసినట్టే.

తర్వాత, కిందటి బ్యాచ్ వాళ్లు చేసిన ప్రాజెక్టుల లింకులు అడగండి. స్క్రీన్‌షాట్లు కాదు, లింకులు. అవి మీ ఫోనులో తెరవండి. మీకు ఇంకా కోడు రాకపోయినా ఈ పరీక్షలు చేయగలరు:

ఫారం ఉన్న పేజీ తెరిచి, ‘పేరు’ అనే మాట మీద వేలు పెట్టండి. పక్కనున్న ఖాళీ గడిలోకి కర్సర్ వెళ్లాలి. వెళ్లకపోతే ఆ మాటకూ గడికీ కోడులో సంబంధం కలపలేదన్నమాట. చూపు లేనివారు స్క్రీన్ రీడర్‌తో ఆ ఫారం తెరిస్తే ఏ గడిలో ఏం రాయాలో వారికి వినిపించదు. ఫోన్ నంబరు గడిని తాకితే అంకెల కీబోర్డు రావాలి. అక్షరాల కీబోర్డు వస్తే, రాసినవారు ఫోనులో ఒక్కసారి కూడా ఆ పేజీ నింపి చూడలేదని అర్థం. ఐఫోన్ ఉన్నవారి చేత కూడా తెరిపించండి. గడిని తాకగానే పేజీ మొత్తం ఒక్కసారి పెద్దదై జరిగితే, ఆ గడిలో అక్షరాల పరిమాణం 16 పిక్సెళ్ల కన్నా తక్కువ పెట్టారు. ఇవన్నీ అర నిమిషంలో దిద్దగల తప్పులు. ఐదుగురి ప్రాజెక్టుల్లోనూ ఇవే తప్పులు ఉన్నాయంటే వారి పనిని ఎవరూ దిద్దలేదు. ఐదు ప్రాజెక్టులూ రంగు తప్ప అన్నీ ఒకేలా ఉంటే, అది నేను 2008లో చదివిన కోర్సే.

దిద్దడం అంటే ఏమిటో ఒక ఉదాహరణతో చెబుతాను. మా వారాంతపు తరగతిలో ఒకామె ఒక పాఠశాల పోటీల గురించి తెలుగులో పేజీ చేసి తెచ్చారు. చూడడానికి బాగుంది. శీర్షికలో ‘రాష్ట్ర స్థాయి’ అని ఉంది. ఫోనులో తెరిస్తే అది రెండు వరుసలుగా విరిగింది, ‘ష్ట్ర’ కింది ఒత్తులు రెండో వరుస గుడుల మీదికి దిగిపోయాయి. ఆమె లైన్ హైట్ (ఒక్కో వరుసకు ఇచ్చే ఎత్తు) విలువ 1.2 పెట్టారు. ఇంగ్లిష్ పాఠంలో అలా చెప్పారు కాబట్టి అలాగే పెట్టారు. ఇంగ్లిష్ అక్షరానికి అది చాలు. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, ఒక్కోచోట ఒత్తు కింద ఒత్తు. 1.6 చేసి చూడమన్నాను. ఊపిరి ఆడినట్టయింది. ఇంకో పెట్టెలో ఒత్తులు సగానికి తెగిపోయి కనిపించాయి. ఆ పెట్టెకు ఎత్తు కొలత బిగించి, దాటినదాన్ని దాచేయమని రాశారు. ఎత్తు తీసేస్తే సరిపోయింది. కింద చిన్న అక్షరాలు తెలుపు మీద #999999 రంగులో ఉన్నాయి. ఆ బూడిదరంగుకూ తెలుపుకూ వెలుగులో తేడా (కాంట్రాస్ట్) 2.85కు 1 మాత్రమే. అందరికీ చదవగలిగేలా ఉండాలంటే అంత చిన్న అక్షరాలకు కనీసం 4.5కు 1 ఉండాలని డబ్ల్యూసీఏజీ ప్రమాణం చెబుతుంది. #767676 దాకా ముదురు చేస్తే 4.54 వస్తుంది. ఎండలో నిలబడి ఫోను చూసే తల్లిదండ్రులకు ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఈ మూడు దిద్దుబాట్లకు పట్టింది పావుగంట. ఆ తర్వాత ఆమె చేసిన ఏ పేజీలోనూ ఆ తప్పులు మళ్లీ నాకు కనిపించలేదు. వీడియో పాఠం ఆమె పేజీని చూడదు. అరవై మంది గదిలో సారూ చూడలేరు. మీరు ఒక్కొక్క పిల్లవాడి నోటుబుక్కు దిద్దేటప్పుడు లెక్క ఏ మెట్టు దగ్గర తప్పిందో ఎర్ర సిరాతో గుర్తుపెడతారు కదా, ఇక్కడా మీకు కావలసింది అదే. అందుకని సంస్థకు వెళ్లినప్పుడు సూటిగా అడగండి: ‘నా పనిని ఎవరు చూస్తారు? వారానికి ఎన్నిసార్లు? రాతపూర్వకంగా ఇస్తారా? ఆ చూసేవారు కిందటి ఏడాది ఏ సైటు చేశారు?’ చివరి ప్రశ్న మొహమాటపడకుండా అడగండి. బయట పనిచేస్తూ సాయంత్రాలు నేర్పే మనిషి దొరికితే అదృష్టం. కోర్సు పూర్తిచేసి మరుసటి నెలే అదే సంస్థలో బోధకులైనవారు చాలామంది ఉంటారు. వారు మంచివాళ్లే కావచ్చు, కానీ గిరాకీదారు తిట్టిన పేజీని వారు ఇంకా దిద్ది ఉండరు.

సిలబస్‌లో ఏముండాలి అన్నది త్వరగా చెప్పేస్తాను. అర్థవంతమైన హెచ్‌టీఎంఎల్, ఫారాలు. సీఎస్‌ఎస్‌లో బాక్స్ మోడల్, ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్, తెర వెడల్పును బట్టి పేజీ ఒదిగేలా చేయడం. అక్షరాలు, రంగులు, ఖాళీ స్థలం గురించి కనీసం రెండు వారాలు. ఫిగ్మా. జావాస్క్రిప్ట్ మొదటి మెట్లు. కోడులో చేసిన మార్పులను భద్రపరిచే గిట్, ఆ కోడును నెట్‌లో ఉంచే గిట్‌హబ్. డొమైన్ కొని సైటును నెట్‌లో పెట్టడం. వర్డ్‌ప్రెస్ ఒక నెల. ఇవి వదిలేసి మొదటి వారమే బూట్‌స్ట్రాప్‌తో (ముందే రాసిపెట్టిన సీఎస్‌ఎస్‌తో) మొదలుపెట్టినా, పేజీ అమరికకు ఇంకా ఫ్లోట్‌లనే పాత పద్ధతే నేర్పుతున్నా ఆ సిలబస్ పాతబడింది. ఫ్లోట్‌ల బదులు వాడే సీఎస్‌ఎస్ గ్రిడ్ 2017లోనే ప్రధాన బ్రౌజర్లన్నింటిలోకి వచ్చేసింది.

ప్లేస్‌మెంట్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఇక్కడే మీవంటివారు దెబ్బతింటారు. ‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ అంటే చాలాచోట్ల ‘నూరు శాతం ప్లేస్‌మెంట్ సహాయం’. అంటే మీ రెజ్యూమె నాలుగు చోట్లకు పంపుతారు. కరపత్రంలో ‘సహాయం’ అన్న మాట చిన్న అక్షరాల్లో ఉందేమో చూడండి. ఉద్యోగం వచ్చినవారి ఫొటోలు గోడ మీద చూపిస్తే, అందులో ముప్పై దాటాక రంగం మారినవారు ఎవరున్నారో అడిగి, ఒక్కరితో ఫోనులో మాట్లాడిస్తారా అనండి. లింక్డిన్‌లో ఆ సంస్థ పేరు వెతికితే చదివినవారు కనిపిస్తారు. ముగ్గురికి మర్యాదగా రాయండి, ఒకరైనా జవాబిస్తారు. కోచింగ్ ప్రకటనల మీద 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు తెచ్చింది. ఉద్యోగం గ్యారంటీ అంటూ తప్పుడు వాగ్దానాలు చేయకూడదని వాటిలో ఉంది. ఫీజు, వాపసు నియమాలు కాగితం మీద తీసుకోండి. 18 శాతం జీఎస్‌టీ ఫీజులో కలిసి ఉందా, పైన వేస్తారా అడగండి. రసీదు లేకుండా నగదు ఇవ్వకండి. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

ఎవరైనా ‘మూడేళ్ల అనుభవం చూపిస్తాం’ అంటే వెంటనే లేచి వచ్చేయండి. అమీర్‌పేట చుట్టుపక్కల ఈ మాట గుసగుసగా వినిపిస్తుంది. ఒక కంపెనీ పేరు మీద అనుభవ పత్రం, జీతం రసీదులు తయారుచేసి ఇస్తారు, దానికి వేరే రేటు. ఇది మోసం. పైగా నిలవదు. పీఎఫ్ ఖాతాకు ఉండే యూఏఎన్ నంబరులో మీరు ఎక్కడ ఎప్పటి నుంచి ఎప్పటి వరకు పనిచేశారన్నది నమోదై ఉంటుంది, కంపెనీలు దాన్ని అడిగి చూస్తాయి. మా దగ్గర చేరిన ఒక యువకుడు బాగా పనిచేసేవాడు. ఐదో నెలలో తనిఖీ నివేదిక వచ్చింది. అదే రోజు మధ్యాహ్నం ల్యాప్‌టాప్ అప్పగించి వెళ్లిపోయాడు. అతనికి అబద్ధం అవసరమే లేదు. నిజం చెప్పి ఉంటే కొంచెం తక్కువ జీతంతో అదే ఉద్యోగం మేమే ఇచ్చేవాళ్లం. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. మీకు పదేళ్ల నిజమైన అనుభవం ఉంది, టీచరుగా. దాన్ని దాచి మూడేళ్ల అబద్ధం తగిలించుకోకండి.

ఆన్‌లైన్ కోర్సు 1,20,000 ఈఎంఐ సంగతి. ఇది సంస్థకు మీరు నెలనెలా కట్టే ఫీజు అనుకుంటున్నారు. చాలావరకు అది అప్పు. ఒక రుణ సంస్థ మీ పేరు మీద మొత్తం డబ్బు శిక్షణ సంస్థకు ముందే కట్టేస్తుంది. మీరు కట్టేది రుణ సంస్థకు. రెండో నెలలో పాఠాలు బాగాలేవని మానేసినా అప్పు ఆగదు. కట్టకపోతే మీ సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, రేపు ఇంటి లోను అడిగినప్పుడు అది బయటపడుతుంది. ‘వడ్డీ లేదు’ అన్నా ప్రాసెసింగ్ చార్జీ చూడండి. డిజిటల్ రుణాల మీద రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం, సంతకానికి ముందే మొత్తం ఖర్చును ఏడాది శాతంగా చూపే ముఖ్య సమాచార పత్రం మీకివ్వాలి. మనసు మారితే జరిమానా లేకుండా, తీసుకున్న అసలూ ఆ రోజుల వడ్డీ కట్టి వెనక్కి తగ్గడానికి కొంత గడువు కూడా ఉండాలి. ఆ పత్రం అడిగి తీసుకుని, గడువు ఎన్ని రోజులో చూసి, అప్పుడు ఆలోచించండి. ఫోనులో ‘ఈ రాత్రి పన్నెండు వరకే ఈ ధర’ అని తొందరపెట్టేవారి మాటకు లొంగకండి. రేపు చేరినా మీకు పోయేది ఏమీ లేదు.

సర్టిఫికెట్ విలువ ఎంత అని కూడా అడిగారు. ప్రైవేటు సంస్థలు ఇచ్చేదాన్ని ఇంటర్వ్యూలో నేను ఎప్పుడూ అడగలేదు. మీరు చేసిన మూడు పేజీల లింకులే అడుగుతాను. ప్రభుత్వ గుర్తింపు ఉన్న కాగితం కావాలనుకుంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ నైలిట్ వారి ‘ఓ లెవెల్’ ఉంది, అందులో వెబ్ డిజైనింగ్ ఒక పూర్తి పేపరు. కంప్యూటర్ ఉద్యోగాల ప్రకటనల్లో దాని పేరు కనిపిస్తూ ఉంటుంది. పనితనం మాత్రం దానికి వేరుగా సంపాదించుకోవాలి.

కృత్రిమ మేధ వచ్చాక ఈ పని ఉంటుందా అన్నది మీరు నేరుగా అడగలేదు కానీ మీ ప్రశ్నలో ఆ భయం కనిపించింది. నిజమే, మామూలు పేజీని ఇప్పుడు ఆ పనిముట్లు నిమిషంలో రాసిస్తాయి. టెంప్లేట్‌లో పేర్లు మార్చి ఇచ్చే పని బాగా తగ్గింది, ఇంకా తగ్గుతుంది. అందుకే టెంప్లేట్లు మార్చడం నేర్పే కోర్సుకు ఇప్పుడు అసలే డబ్బు పెట్టకూడదు. మా ఇంటర్వ్యూలో ఇప్పుడు ఇలా చేస్తున్నాం: ఏ పనిముట్టయినా వాడి పేజీ చేయమంటాం. చేశాక అందులో ఒక వరుస చూపించి, ఇది తీసేస్తే ఏమవుతుందని అడుగుతాం. చెప్పగలిగినవారు లోపలికి వస్తారు. పైన చెప్పిన ‘రాష్ట్ర స్థాయి’ ఒత్తుల తప్పు, ఫారంలో గడి తప్పు ఆ పనిముట్లు రాసిన పేజీల్లోనూ నేను చూస్తున్నాను. చూసి పట్టుకునే కన్ను కావాలి. ఆ కన్ను ఏర్పడే దాకా, కనీసం మొదటి రెండు నెలలు, ప్రతి వరుసా మీ చేత్తోనే రాయండి.

వయసు గురించి. 34 ఎక్కువేమీ కాదు, కానీ ఇరవై రెండేళ్ల వారితో వేగంలో పోటీకి దిగకండి. మీకు వేరే బలం ఉంది. మా తరగతికి నల్గొండలో మందుల దుకాణం నడిపిన ఒకాయన వచ్చారు, అప్పటికి 39 ఏళ్లు. కోడు నెమ్మదిగా వచ్చేది. కానీ మందులు ఆర్డరు పెట్టే పేజీ చేయమంటే, మిగతా వాళ్లందరూ బొమ్మలు పెద్దవిగా పెట్టి తెస్తే, ఆయన మాత్రం మందు పేరు పక్కన మోతాదును లావు అక్షరాల్లో, వేరే రంగులో పెట్టారు. 250, 500 తేడా గమనించక జనం తప్పు మందు తీసుకెళ్లడం పదిహేనేళ్లు చూశానన్నారు. పద్నాలుగు నెలలు పట్టింది ఆయనకు. ఇప్పుడు ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేసే ఒక చిన్న కంపెనీలో ఉన్నారు. ఆయన్ను తీసుకున్నది ఆ మోతాదు అక్షరాలను చూసే. మీరు పదేళ్లుగా పిల్లలు ఎక్కడ తికమక పడతారో చూస్తున్నారు. చదువుల సైట్లు, యాప్‌లు చేసేవారికి అది తెలిసిన డిజైనరు దొరకడం కష్టం. మీ మొదటి మూడు పేజీలూ బడి చుట్టూనే చేయండి.

అందరికీ కుదరలేదు, అదీ చెప్పాలి. అదే బ్యాచ్‌లో ఒకామె మూడో నెలలో మానేశారు. తెలివిలో లోటు లేదు. రోజంతా తెర ముందు చిన్న చిన్న తేడాల కోసం వెతకడం తనకు నచ్చడం లేదని, మనుషులతో మాట్లాడే పని కావాలని తేల్చుకున్నారు. ఆమె అప్పటికే 60,000 వేరేచోట కట్టి, ఉద్యోగానికి రాజీనామా చేసి వచ్చారు. ఆరు వారాలు ముందు ఉచితంగా చేసి చూడమని ఇంత గట్టిగా చెప్పడానికి ఆమే కారణం.

ఆ ఆరు వారాలు ఇలా గడపండి. రోజుకు గంటన్నర, ఆదివారం నాలుగు గంటలు. ఫ్రీకోడ్‌క్యాంప్ సైటులో హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ పాఠాలు ఉచితం, చదువుతూనే రాయిస్తారు. సందేహం వస్తే ఎండీఎన్ అనే వివరణల సైటు చూడండి. రెండూ ఇంగ్లిష్‌లో ఉంటాయి, మీకు ఇబ్బంది ఉండకపోవచ్చు. తెలుగులో వినాలనిపిస్తే యూట్యూబ్‌లో చాలా ఉన్నాయి, కానీ వీడియో ఒక్కటే చూస్తూ పోతే వచ్చినట్టే ఉంటుంది, ఖాళీ తెర ముందు కూర్చుంటే ఏమీ రాదు. పది నిమిషాలు చూస్తే ముప్పై నిమిషాలు రాయాలన్నది నా తరగతిలో నియమం. మూడో వారం నుంచి మీ బడికి ఒక పేజీ మొదలుపెట్టండి: బడి గురించి నాలుగు మాటలు, తరగతుల వేళల పట్టిక, అడ్మిషన్ ఫారం. మూడే. తెలుగులోనే రాయండి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, నోటో సాన్స్ తెలుగు వంటివి ఉచితంగా ఉన్నాయి. వేళల పట్టిక ఫోనులో పక్కకు జరపకుండా కనిపించేలా చేయడం మీకు పెద్ద పరీక్ష అవుతుంది, అక్కడే చాలా నేర్చుకుంటారు. చివరి వారం దాన్ని గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టండి, డబ్బు అక్కర్లేదు. మీ సహోద్యోగుల్లో ఫోను అంతగా అలవాటు లేనివారికి ఇచ్చి, ఫారం నింపమని చెప్పి, మీరు ఒక్క మాట కూడా సాయం చేయకుండా పక్కన నిలబడి చూడండి. వారు ఎక్కడ ఆగితే అక్కడ రాసుకోండి.

దీనికి కొత్త కంప్యూటర్ కొనకండి. 8 జీబీ మెమరీ ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. ఉద్యోగం మానకండి. హైదరాబాద్‌లో హాస్టల్ తీసుకోవడం తప్పనిసరి కాదు, వారాంతాల్లో దిద్దేవారు ఆన్‌లైన్‌లో దొరికినా సరిపోతుంది. పూర్తి కాలం మానేసి చేస్తే నాలుగైదు నెలలు పట్టే పని, ఉద్యోగం చేస్తూ అయితే ఏడాది అనుకోండి. మొదటి జీతం ఇప్పటి మీ జీతం కన్నా తక్కువ కావచ్చు, ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకున్నాకే మారండి. ఈలోగా ఊళ్లో ఎవరైనా సైటు చేసిపెట్టమంటే సగం డబ్బు ముందు తీసుకోండి, డొమైన్ వారి పేరు మీదే కొనిపించండి. మన పేరు మీద కొని పెడితే తర్వాత గొడవలు వస్తాయి, నేను పడ్డాను.

మీ రెండు కోర్సుల్లో ఒకటి చెప్పి తీరాలంటే, అమీర్‌పేటదే చెబుతాను. మధ్య బ్యాచ్‌లో కూర్చోనిచ్చి, పని ఎవరు దిద్దుతారో కాగితం మీద రాసిస్తే, ఫీజు రెండు మూడు విడతల్లో నేరుగా వారికే కట్టనిస్తేనే. ఆన్‌లైన్‌దాని మీద నాకున్న అభ్యంతరం ఆన్‌లైన్ అని కాదు, అప్పు అని. వారంవారం మీ పని చూసి వ్యక్తిగతంగా దిద్దుతామని, నెలనెలా కట్టి ఎప్పుడైనా మానేయవచ్చని అంటే నా జవాబు మారుతుంది.

బడి పేజీ తయారయ్యాక లింకు ఇక్కడ పెట్టండి. ఫోనులో తెరిచి చూసి, తోచిన దిద్దుబాట్లు రాస్తాను. వేళల పట్టిక కుదరకపోయినా సరే, కుదరని స్థితిలోనే పెట్టండి. ఎక్కడ ఆగిపోయారో నాకు కనిపించాలి.